విశ్వవిద్యాలయానికి ఇంటిపేరు

దానం చేయడం సులువని అనేవారు ఎన్నడూ దానం చేసి ఉండరు. మా గాలికొండ విశ్వవిద్యాలయానికి రిటైరైన అధ్యాపకులెవరైనా తమ తర్వాత కూడా అందేలా ఏదైనా ఇవ్వదలిస్తే ముందు జరగవలసిన పనులివి: దాత బతికి ఉన్నట్టు ధ్రువపత్రం తేవాలి. ఎప్పటికైనా చనిపోతానని హామీ రాయాలి (తేదీ తప్పనిసరి కాదు). ఇవ్వబోయే వస్తువు నమూనా అప్పగించాలి. విశ్వవిద్యాలయానికి కుల ధ్రువపత్రం తేవాలి.

చివరిది సోంబరు మాస్టారి కోసం కొత్తగా చేర్చారు.

ఆయన మా దగ్గరే వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అది ఆయన చలవ. ఇప్పుడు దానాల విభాగంలో జూనియర్ అసిస్టెంటుని. తన తర్వాత కాఫీ తోట కూతురు చిట్టిదేనని, కాపులో సగం మాత్రం ఈ ఏటి నుంచే, తను పోయాక కూడా, ఆడపిల్లల హాస్టల్లో రగ్గులకని మాస్టారు రాసిచ్చారు. చలికాలం ఆ పిల్లలు ఇద్దరేసి ఒకే దుప్పట్లో దూరి చదువుకుంటారు (వార్షిక నివేదికలో దీన్ని 'సమూహ అధ్యయనం' అన్నాం). ఆయన ఆటోలో రగ్గులు వేసుకొచ్చారు కూడా. ఫైలు పూర్తికాని దానం గేటు దాటకూడదు కనుక, నమూనాకి ఒకటి ఉంచుకుని మిగతావి వెనక్కి పంపాం.

డిప్యూటీ రిజిస్ట్రార్ లక్ష్మీప్రసాద్ గారు కాగితం చదివి తల అడ్డంగా ఊపారు.

"ఏజెన్సీ నేల గిరిజనేతరులకి పోకూడదమ్మా. చట్టం."

"నేల చిట్టిదే సార్. మనకి కాపే."

"కాపు గాల్లో కాయదు కదా! మన యూనివర్సిటీ గిరిజనురాలని పత్రం పట్రా."

(ఆ చట్టం లేకపోతే బయటివాళ్లు ఎప్పుడో కాజేసేవారు, గిరిజనుడైన మాస్టారికి ఇవ్వడానికి తోటే మిగిలేది కాదు. అది రగ్గులకి కూడా వర్తిస్తుందని మాత్రం అప్పుడే తెలిసింది.)

మండల ఆఫీసులో పైడితల్లి గారు కంప్యూటర్ తెరిచారు.

"పేరు సెప్పు."

"గాలికొండ విశ్వవిద్యాలయం."

"తండ్రి పేరు?"

"ప్రభుత్వం అండి."

"ఉన్నాడా, పోయాడా?"

కాస్త ఆలోచించి, ఉన్నారన్నాను.

"ఇంటిపేరేటి? అది కొట్టకపోతే ముందుకెల్లదు గుంటా."

మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన తోటలో కాఫీ పళ్లు కోయిస్తున్నారు.

"దానికేటే రత్నా! మా పాంగి ఇంటిపేరు రాయించెయ్. ఇన్నాళ్లు దాని ఉప్పు తిన్నాను, పేరిస్తే తప్పేటి? బేగి కానీ, పిల్లలు వణికిపోతన్నారు."

'పాంగి గాలికొండ విశ్వవిద్యాలయం' పేరిట పత్రం వచ్చింది. లక్ష్మీప్రసాద్ గారు సంతోషించారు, వెంటనే విచారించారు. ఇంటిపేరు ఒకటే అయితే ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ బంధువులు. బంధువు ఇచ్చేది దానం కాదు, వాటా. వాటాలు మా విభాగం చూడదు. కనుక ఉపసంఘం వేశారు.

ఈ మాట చెబితే మాస్టారు పడీపడీ నవ్వారు. "అయితే మా సిట్టికి సెల్లి పుట్టిందన్నమాట! పెళ్లి కూడా నేనే సెయ్యాలేటే?"

ఆ తర్వాత నవ్వు ఆపి, "రగ్గులు ఎప్పుడు తెమ్మంటావు?" అని అడిగారు. ఉపసంఘం కూర్చున్నాక చెబుతానన్నాను.

ఉపసంఘం కూర్చుంది. మంచుకి ఫైలు చెమ్మగిల్లుతోందని గమనించి, నమూనా రగ్గు దానికి కప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. రోజూ సాయంత్రం బీరువా తెరిచి కప్పేది నేనే.

ఈ చలికాలం మీరు రగ్గు కప్పుకున్నప్పుడు సోంబరు మాస్టారిని ఒకసారి తలుచుకోండి. హాస్టల్ పిల్లలకి ఇంకా ఆ అవకాశం రాలేదు. ఫైలు మాత్రం వెచ్చగా ఉంది.