మూడు సంతకాల టైంటేబుల్

ఆదోని–ఎమ్మిగనూరు బస్సుల ఉచిత టైంటేబుల్ రెండో ముద్రణ త్వరలో వెలువడనున్నదనీ, అందులోని ప్రతి అంకె ముగ్గురు పెద్దల సమీక్షలో నెగ్గి వస్తుందనీ 1979 మార్చిలో ఒక కరపత్రం చాటింది. రాసింది వాదిరాజ మాస్టరే. 'పెద్దలు' అన్న మాట తనకూ వర్తిస్తుంది గనుక కాస్త మొహమాటపడి, ఆ మాటను లావు అక్షరాల్లో వేయించాడు.

ఆ టైంటేబుల్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవరైనా తప్పు దిద్దమని చెప్పవచ్చు. కాకపోతే కొత్త ముద్రణ బయటికి రావాలంటే సమీక్షా సంఘంలోని ముగ్గురూ 'పరిశీలించితిని' అని సంతకం చేయాలి. కార్యదర్శి వాదిరాజ, పత్తి వ్యాపారి పాండురంగయ్య, పోస్టాఫీసులో రిటైరైన వెంకోబారావు. అదీ సంఘం.

సంఘం మూడు ఆదివారాలు చెమటోడ్చింది.

"రెండో ముద్రణ అనొద్దు సామీ, ఒకటిన్నర అనండి. మార్పు చిన్నదే గదా," అన్నాడు పాండురంగయ్య. దానితో ఒక ఆదివారం గడిచింది. అంచు పచ్చదా, నీలమా అని వెంకోబారావు లేవదీసిన చర్చ రెండో ఆదివారాన్ని మింగేసింది. మూడో ఆదివారం ఓటు పెట్టారు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక వాదిరాజ రెండు రంగులకూ చెయ్యెత్తాడు.

సరిగ్గా అప్పుడే, బస్టాండులో టీ అంగడి పెట్టుకున్న బసన్న లోపలికొచ్చాడు.

"అయివారూ, ఏడుంబావు బస్సు ఇప్పుడు ఆరున్నరకే పోతాంది. రవ్వంత దిద్దుకోండప్పా."

"నోటిమాట చెల్లదు బసన్నా. అభ్యంతరం ఫారంలో రాసియ్యాల," అన్నాడు వాదిరాజ.

"ఫారం యాడుంది?"

"అది ఇంకా సమీక్షలో ఉండాది."

"నేను దినామూ కండ్లారా సూస్తాండా గదప్పా!"

"నువ్వు చూస్తే యేం లాభం? సంఘం చూడాల."

బసన్న తల గోక్కుంటూ పోయినాక, వాదిరాజకు తన నియమనిష్ఠల మీద తనకే ముచ్చటేసింది.

మిగతా ఇద్దరూ ఎలాగూ చదువుతారని వాదిరాజ మొదటి సంతకం పెట్టాడు. అయివారు చదివే పెట్టి ఉంటారని పాండురంగయ్య పెట్టాడు. ఇద్దరు పెట్టినాక చదివితే వాళ్లను శంకించినట్టు అవుతుందని వెంకోబారావు పెట్టాడు. నీలం అంచుతో వెయ్యి ప్రతులు ఊరంతా పంచారు.

ఏప్రిల్లో వాదిరాజకు ఎమ్మిగనూరు బడి ఒకదానినుంచి కబురొచ్చింది. హెడ్మాస్టరు కొలువుకు పొద్దున తొమ్మిదికి ఇంటర్వ్యూ. పదహారేళ్లుగా సాంఘికశాస్త్రం చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషికి ఆ కుర్చీ మీద ఎంత ఆశో చెప్పనక్కరలేదు.

"ఎందుకైనా మంచిది, ఆరుకే పోండి," అంది భార్య పద్మాబాయి.

వాదిరాజ టైంటేబుల్ తీసి మూడు సంతకాలూ చూపించాడు. ఆమె చొక్కా ఇస్త్రీ చేయడానికి పోయింది.

ఏడు గంటలకే బస్టాండు చేరి, చొక్కా ఇస్త్రీ నలగకుండా నిలబడ్డాడు. ఏడుంబావు దాటింది. ఎనిమిదైంది.

"అది ఆరున్నరకే పాయె అయివారూ," అన్నాడు బసన్న టీ వడపోస్తూ. "మళ్లా తొమ్మిదికే."

వాదిరాజకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ కుర్చీ ఇక రాదు. బసన్న ఇచ్చిన టీ తాగి, సంచిలోంచి ఒక కాగితం తీశాడు. అభ్యంతరాల ఫారం మొన్ననే సమీక్ష ముగించుకుని అచ్చై వచ్చింది. బెంచీ మీద కూర్చుని శ్రద్ధగా నింపాడు. అభ్యంతరం తెలుపువారు: వాదిరాజ. అందుకున్నవారు: కార్యదర్శి వాదిరాజ.

"అయితే రేపే దిద్దుతారా?" అన్నాడు బసన్న.

వాదిరాజ ఫారం తిప్పి, వెనక ఉన్న నిబంధనలు మొదటిసారి చదివాడు.

"ముద్రణైన పదైదు దినాల్లోపల ఇయ్యాల బసన్నా. నిన్నటికే గడువు అయిపాయె."

ఎర్రసిరాతో 'తిరస్కరించడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. కింద మిగతా ఇద్దరికీ చోటు వదిలాడు.