ఐదు శృతిలో అడ్డవేలు

1946 డిసెంబరులో ఒక శనివారం ఉదయం, అనకాపల్లి మెయిన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే నాగూర్ మీరా మూడు పనులు అనుకుని నిద్ర లేచాడు. పదింటికల్లా కశింకోట కరణంగారి గోడ గడియారానికి కొత్త స్ప్రింగు వెయ్యాలి. మధ్యాహ్నంలోగా గిటారు మీద బారు పట్టు సాధించాలి. సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయ వార్షికోత్సవంలో త్రినాధరావు పద్యాలకు పక్కన కూర్చుని వాయించాలి. మొదటిది గంట పని. మూడోది గంటన్నర పని. మధ్యది మాత్రం పదిహేను రోజులుగా కాకుండా ఉన్న పని.

ఆ గిటారును అతనికి డిక్సన్ అనే రైల్వే గార్డు ఇచ్చాడు. పన్నెండేళ్లు తన జేబు గడియారాన్ని కంటికి రెప్పలా చూసినందుకు, రిటైరై బెంగుళూరు వెళ్లిపోతూ జ్ఞాపకంగా చేతిలో పెట్టాడు. ముందు తీగల మీద వేళ్లు పెట్టే పట్లు మూడు నేర్పాడు, వాటిని కార్డులనేవాడు. నాలుగోది మాత్రం రైలుపెట్టె గుమ్మంలో నిలబడి చెప్పాడు. చూపుడు వేలిని ఆరు తీగల మీదా దూలంలా అడ్డంగా వెయ్యాలి, మిగతా మూడు వేళ్లూ మొదటి పట్టులాగే పెట్టాలి, దాన్నే బారు అంటారు, ఆ ఒక్కటి వస్తే అన్నీ వచ్చినట్టే, ఎందుకంటే అన్నాడు. ఆ ఎందుకో ఇంజను కూతలో కలిసిపోయింది.

త్రినాధరావు బెల్లం కొట్టులో గుమస్తా. పద్యం ఎత్తుకుంటే బజారులో బళ్లు ఆగేవి. ఆ గొంతుకు ఉన్నది ఒకటే తెగులు. ఏ రోజు ఏ శృతిలో పలుకుతుందో దానికే తెలియదు. మీరాకు వచ్చిన మూడు పట్లూ మూడు అనే తక్కువ శృతి చుట్టూనే తిరిగేవి. ముందురోజు సాయంత్రం త్రినాధరావు కొట్టుకొచ్చి మరీ చెప్పాడు.

"బావా, రేపు అయిదు శృతి. గొంతు పాకంలాగుంది. నీ మూడు శృతిలో నేను పాడలేను."

అందుకని మీరా గిటారును కొట్టుకే తెచ్చుకున్నాడు. కొట్టు ముందు నడుమెత్తు చెక్క బల్ల ఉంది. దాని వెనక పీట మీద కూర్చుంటే ఒళ్లో ఏముందో బయటివాళ్లకు కనబడదు. వేలు అడ్డంగా వేశాడు, నొక్కాడు, తీగలు మీటాడు. టక్, టక్ అన్నాయి. ఇంకా గట్టిగా నొక్కాడు. ఒక తీగ పలికింది, అయిదు దగ్గాయి. పళ్లు బిగించాడు. మీరాకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. పని కష్టమయ్యేకొద్దీ మూతి ఎడమవైపుకు జరిగిపోతుంది. తొమ్మిదిన్నర అయ్యేసరికి అది చెవి దగ్గరకు వెళ్లింది.

సరిగ్గా అప్పుడే హైస్కూలు తెలుగు మాస్టారు సూర్యనారాయణగారు వచ్చారు. గ్రంథాలయానికి కార్యదర్శి ఆయనే.

"ఏం మీరా, సాయంత్రానికి సిద్ధమేనా?"

తీగలు మీటే బిళ్ల మీరా పళ్ల మధ్య ఉంది. రెండు చేతులూ ఖాళీ లేవు. "ఊఁ... వ్బ... బ్బ" అన్నాడు. మాస్టారి గౌరవార్థం నమస్కారం పెడదామని ఎడమ చెయ్యి పైకెత్తాడు. చూపుడు వేలు కర్రలా నిలబడి ఉంది, మిగతా మూడూ కొంకర్లు పోయి ఉన్నాయి.

సూర్యనారాయణగారి మేనమామకు పక్షవాతం వచ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నారు. మూతి వంకర, మాట ముద్ద, చెయ్యి బిగుసుకోవడం అన్నీ ఆయనకు తెలుసు. అలాంటప్పుడు మనిషిని కంగారు పెట్టకూడదన్న సంగతీ తెలుసు.

"పరవాలేదు మీరా. ధైర్యంగా ఉండు. ఏమీ పరవాలేదు" అంటూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయారు.

'మాస్టారికి నామీద ఎంత నమ్మకమో' అనుకున్నాడు మీరా. మళ్లీ వేలు వేశాడు.

మాస్టారు తిన్నగా మీరా ఇంటికి బయలుదేరారు. దారిలో సోడా కొట్టు నూకరాజుకు మాత్రం, ఎవరితోనూ అనవద్దని ఒట్టు వేయించుకుని, చెప్పారు. నూకరాజు ఒట్టు దాటే మనిషి కాదు. ఎవరితోనూ అనవద్దని ఒట్టు వేయించుకున్నాకే ప్రతివాడికీ చెప్పాడు.

పది కొట్టేలోపు నూకరాజే ముందు వచ్చాడు.

"బావా, నా వాచీ ఇచ్చీ."

"ఇంకా అవ్వనేదురా."

"అవ్వకపోయినా పర్లేదు. నువ్వు రెస్టు తీస్కో."

తరువాత మంత్రసాని చిన్నమ్మలు అలారం గడియారం కోసం వచ్చింది. బల్ల మీద రెండు బత్తాయిలు పెట్టి, కళ్లొత్తుకుంది.

"బయపడకు బాబూ. దేవుడున్నాడు."

"బయమేటమ్మా, అయిదు శృతే కదా. సాయంత్రానికి సూసుకుంటాను" అన్నాడు మీరా ఉత్సాహంగా.

మనిషికి మతి కూడా చలించిందని ఆమె బాహాటంగానే ఏడ్చేసింది.

ఒకరి వెనక ఒకరు వస్తున్నారు, ఎవరి వాచీ వాళ్లు పట్టుకుపోతున్నారు. మీరాకు మొదట ముచ్చటేసింది. ఊరంతా సభకు టైముకు రావాలని గడియారాలు దగ్గర పెట్టుకుంటోందని అనుకున్నాడు. కానీ కరణంగారి పాలేరు వచ్చి, లోపలి భాగాలు సగం విప్పి ఉన్న గోడ గడియారాన్ని అలాగే తువ్వాలులో మూట కట్టాడు.

"ఇదేటి? స్ప్రింగు ఎయ్యాలి కదా!"

"సెయ్యి బాగున్నోడి సేత ఎయించుకుంటామన్నారు బాబూ మా కరణంగారు."

మీరా తలెత్తి గోడ వంక చూశాడు. పన్నెండేళ్లుగా ఏ రోజూ ఖాళీగా లేని మేకులు పళ్లూడిన నోరులా కనిపించాయి. గిటారు పక్కన పెట్టాడు. నా చేతికేమైంది అనుకుంటూ చూసుకున్నాడు. పొద్దుటి నుంచీ నొక్కినందుకు వేలు వాచిపోయి ఉంది. మడవబోతే మడత పడలేదు. అప్పుడు నిజంగానే భయం వేసింది.

అంతలో జట్కా వచ్చి ఆగింది. ముందు తల్లి హాజిరాబీ దిగింది, వెనక భార్య రెహానా. వాళ్ల వెనక, చీడికాడ పైన కొండల్లో పొలం చేసుకునే కొండన్న. పసుపు అమ్ముకోవడానికి సంతకు వచ్చినవాణ్ణి, ఎముకలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడని, దారిలో ఎక్కించుకొచ్చారు.

"యా అల్లా! నా కొడుకు సెయ్యి పడిపోనాది!" అంటూ హాజిరాబీ బల్ల పట్టుకుంది.

"పడిపోనేదమ్మీ! బారు కార్డు కోసం నొక్కేను, అంతే."

"ఏ కార్డు? రేషన్ కార్డా?" అంది రెహానా బెంబేలుగా. "రేషన్ కార్డు పోతే మాత్రం అంత బాధ పడిపోవాలేటండీ? మళ్లీ రాయించుకుందుం!"

"రేషన్ కార్డు కాదు. ఏలితో పట్టీది."

"మాట కూడా తేడాగుంది" అన్నాడు కొండన్న నెమ్మదిగా. చెయ్యి పట్టుకుని వేలు తిప్పి చూశాడు. ఆరు తీగల గుర్తులు వరసగా ఎర్రగా కమిలి ఉన్నాయి. "జెర్రి నడిసిన జాడ."

"పక్షవాతమా, జెర్రా?" అంది హాజిరాబీ.

"రెండూ తల్లీ. జెర్రి వల్ల వచ్చింది పక్షవాతం. రోగం ఈ యేలిలోనే ఉంది. దీన్ని తిన్నగా నిలబెడితే సాలు."

మీరా తీగలనీ, డిక్సన్ దొరనీ, శృతినీ ఏకరువు పెట్టేలోపు కొండన్న చూపుడు వేలి కింద వెదురు బద్ద పెట్టి, పసరు పూసి, గుడ్డతో బిగించేశాడు. రేపు పొద్దు పొడిచేదాకా విప్పకూడదన్నాడు. విప్పితే నా మీద ఒట్టే అంది హాజిరాబీ. తల్లి కళ్లలో నీళ్లు చూశాక మీరా కట్టు చేతిని బుద్ధిగా ఒళ్లో పెట్టుకున్నాడు.

మూడున్నరకు త్రినాధరావు పరుగున వచ్చాడు. కట్టు చూసి, గోడ చూసి, తల పట్టుకున్నాడు.

"నోటీసులో నీ పేరు అచ్చేసీసేరు బావా. ఊరికే ఒళ్లో ఎట్టుకుని కూకో. సెయ్యి ఆడించినట్టు ఆడించు. పైడిరాజు హార్మోనీ ఉండనే ఉంది."

గ్రంథాలయం ఆవరణలో అడుగు పెట్టే చోటు లేదు. పద్యాల కోసం వచ్చినవాళ్లు కొందరు, మీరాను కడసారి చూసిపోదామని వచ్చినవాళ్లు ఎక్కువమంది. సూర్యనారాయణగారు లేచి, "తీవ్రమైన అనారోగ్యంలో కూడా మాట నిలబెట్టుకుంటున్న మన మీరా" అని గద్గదంగా అన్నారు. ముందు వరసలో రెహానా ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని మీరా అనుకున్నాడు.

త్రినాధరావు అయిదు శృతిలో రాగం తీశాడు. మీరా ఏమీ చెయ్యకుండా ఊరుకోలేక, కట్టున్న వేలిని గిటారు మెడ మీద మూడో మెట్టు దగ్గర తీగలకు అడ్డంగా ఆనించాడు. పదిహేను రోజుల అలవాటు మీద మిగతా మూడు వేళ్లూ వాటంతట అవే వాటి చోట్లకు వెళ్లాయి. ఆడించినట్టు ఆడిద్దామని కుడిచేత్తో మీటాడు.

ఆరు తీగలూ పలికాయి.

ఒక్కటీ దగ్గలేదు. గుడ్డ కిందున్న బద్ద ఆరింటినీ సమానంగా అదిమి పట్టింది. త్రినాధరావు రాగం మధ్యలో తల తిప్పి చూశాడు. మీరా మళ్లీ మీటాడు. మళ్లీ పలికాయి. అచ్చంగా అయిదు శృతి.

రెండో పద్యం దగ్గర త్రినాధరావు గొంతులో పాకం ముదిరింది. దగ్గి, "నాలుగుకి దిగిపోతన్నాను" అని గొణిగాడు. పైడిరాజు హార్మోనియం మెట్ల మీద కొత్త దారి వెతుక్కుంటున్నాడు. మీరా చేతిని ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క వేలూ కదపకుండా, రెండు మెట్లు వెనక్కి జరిపాడు. నాలుగు శృతి పలికింది. ఒక మెట్టు ముందుకు జరిపాడు. నాలుగున్నర. అప్పుడు తెలిసింది అతనికి. పట్టు మారదు, చోటే మారుతుంది. మెట్టుకు అర శృతి. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు, ఉన్నదాన్ని జరుపుకుంటూ పోవడమే. పదిహేను రోజుల బరువు భుజాల మీంచి ఒక్కసారిగా దిగింది. మూతి కూడా దాని చోటికి అది వచ్చేసింది.

"మూతి తిన్నగా అయింది!" అని జనంలోంచి చిన్నమ్మలు అరిచింది.

త్రినాధరావుకు హుషారొచ్చింది. తరువాతి పద్యం అయిదున్నరలో, ఆఖరుది ఆరులో ఎత్తాడు. మీరా వెంటే జరిగాడు. పైడిరాజు చెమటలు తుడుచుకున్నాడు.

సభ అయ్యాక మీరా అందరి ముందూ నిలబడి జరిగినదంతా చెప్పాడు. పక్షవాతం లేదు, జెర్రీ లేదు. సూర్యనారాయణగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నాయనా, ఇంత సంతోషంగా నేనెప్పుడూ తప్పు ఒప్పుకోలేదు" అన్నారు. హాజిరాబీ కొడుకును పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

"సిన్నపుడు అలిఫ్ బే అచ్చరాలు రాసినపుడు కూడా ఇలాగే మూతి తిప్పీవోడు. నాకెందుకు గుర్తు రానేదో!"

"నాతో గొడవాడినపుడు కూడా అంతే అత్తా" అంది రెహానా. పొద్దుటి నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు.

రాత్రి అన్నాలయ్యేలోపే వాచీలూ గడియారాలూ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పొద్దుపొడుపున ఒట్టు తీరాక మీరా కట్టు విప్పి, వేలిని కొంచెం పక్కకు వాల్చి, ఎముక ఉన్న వైపు తీగలకు ఆనించి చూశాడు. బద్ద లేకుండానే ఆరూ పలికాయి. గట్టిగా నొక్కక్కర్లేదు, సరిగ్గా ఆనితే చాలు. హాయిగా ఊపిరి పీల్చుకుని, కరణంగారి గడియారానికి స్ప్రింగు వేశాడు.

మీరా ఎంత విడమరిచి చెప్పినా, ఊరు మాత్రం పొద్దున పడిపోయిన చెయ్యి సాయంత్రానికి ఆరు తీగలు పలికించిందన్న మాటే పట్టుకుంది. ఆ ఆదివారం పసుపు బస్తా పక్కన కూర్చున్న కొండన్న ముందు వెదురు బద్ద కట్టించుకోవడానికి పద్నాలుగు మంది నిలబడ్డారు. వరసలో అందరికంటే ముందున్నవాడు హార్మోనియం పైడిరాజు.