జేబులో కనిపించే ఇంకు

ఆ రోజు పొద్దున్న నిదానంగారి కార్యక్రమం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్తూ దారిలో ఒక పెన్ను కొనుక్కోవాలి, అంతే. ఊరికి మంచినీళ్లు సరఫరా చేసే ఆఫీసులో ఆయన ఫిర్యాదుల గుమాస్తా. ఫోనులో అవతలివాళ్లు ఎంత ఎగిరిపడ్డా ఆయన గొంతు పెరగదు. అందుకే ఆ పేరు స్థిరపడిపోయింది. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

పాత పెన్నులో ఇంకు ఎప్పుడు అయిపోతుందో దేవుడికే ఎరుక. కిందటి వారం కొత్త మేనేజరు ఎదుట సంతకం చేయబోతే మొదటి అక్షరం దగ్గరే మొరాయించింది.

"లోపలున్నది బయటికి కనబడే పెన్ను కొనుక్కోండి. శుక్రవారం దాకా అయినా కాస్త పరువుగా ఉండండి," అంది భార్య.

శుక్రవారం నాడు కొత్త సెక్షన్ ఆఫీసరు ఎవరో తేలుతుంది. పోటీలో ఉన్నది నిదానంగారు, టైపిస్టు. ఆ ఉద్యోగానికి విడిగా ఒక గది ఉంది. గదికి తలుపుంది. అన్నిటికన్నా ముఖ్యంగా లోపల ఫోను లేదు. ఏళ్ల తరబడి ఊరివాళ్ల అరుపులు విని, ఇంటికొచ్చేసరికి సొంత పెళ్లాంతో మాట్లాడడానికి గొంతు మిగలని మనిషికి అది గది కాదు, స్వర్గం. ఆ తలుపును ఒక్కసారి తన చేత్తో మూసుకుని కూర్చోవాలని ఆయనకు ఎంత ఆశో చెప్పలేం.

దుకాణదారు లోపలంతా కనిపించే పెన్నులు కొన్ని తీసి గాజుబల్ల మీద పరిచాడు.

"రోజూ రాస్తారా, అప్పుడప్పుడా?"

"రోజూ ఆఫీసుకు వెళ్తానండీ."

"వెళ్లడం వేరు, రాయడం వేరు కదండీ. సరే, సన్నపాళీ తీసుకోండి. లావుపాళీ ఇంకు తాగేస్తుంది, ఆఫీసు కాగితం మీద పాకుతుంది కూడా. ఇదిగో, దీని వెనకాల మర తిప్పితే సీసాలోంచి అదే పీల్చుకుంటుంది. కడుపంతా ఇంకే."

"మూత ఊడిపోదు కదా?"

"ఇదీ మర మూతే. మీరు ఊడదీస్తే తప్ప ఊడదు."

నిదానంగారు అన్నిటినీ తిప్పి తిప్పి చూసి, చేతిలో తూచి, చివరికి మొదట చూసిందే కొన్నారు. నీలం ఇంకు కంఠం దాకా నింపించి, పల్చటి తెల్లచొక్కా జేబులో అందరికీ కనబడేలా పెట్టుకున్నారు. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. మేనేజరు కూడా వెలుతురుకు పట్టి చూసి, "బాగుంది," అన్నారు.

గొడవ సాయంత్రం మొదలైంది. ఇంటికి వెళ్తున్న మేనేజరు ఆగి నిదానంగారి జేబుకేసి చూశారు.

"పొద్దున ఎక్కడుందో అక్కడే ఉందే ఇంకు. పని తక్కువగా ఉందా?"

నిదానంగారు కూడా తల వంచి జేబుకేసి చూసుకున్నారు. నిజానికి ఆయనకు రాతపని లేదు. నీళ్లు రాలేదని ఎవరైనా ఫోను చేస్తే, కాగితం పెట్టి అది బల్ల బల్లా తిరిగొచ్చేదాకా ఆగడం ఆయనకు చేతకాదు. నేరుగా పంపు దగ్గర మనిషికే ఫోను చేసి బతిమాలుతారు. కాసేపట్లో నీళ్లు వస్తాయి, ఇక రాయడానికేమీ మిగలదు. ఈ సంగతి చెప్పుకోవడం కన్నా చేయడమే ఆయనకు సులువు.

"ఇకనుంచి మీ జేబే మీ హాజరుపట్టీ అన్నమాట," అంది టైపిస్టు జాలిగా.

మర్నాడు భోజనాల వేళ నిదానంగారు మర వెనక్కి తిప్పి సగం ఇంకు వాష్‌బేసిన్‌లో వదిలేశారు. సాయంత్రం మేనేజరు జేబు చూసి, "ఈరోజు బాగానే పనిచేశారు," అన్నారు. కష్టపడి పనిచేసిన రోజుల్లో దక్కని మెప్పు ఇంకు పారబోస్తే దక్కింది. ఇక ఆశకు అంతుంటుందా. గురువారం నాడు మొత్తం పారబోద్దామనుకున్నారు.

బేసిన్‌లో మరక పోవడం లేదని పొద్దున్నే ఊడ్చే ఆవిడ సణిగింది. అందుకని ఈసారి మగ్గులో నీళ్లు పట్టి అందులో వదిలారు. చిక్కటి నీలం. పారబోసేలోగా బయట మేనేజరు బూట్లు కిర్రుమన్నాయి. నిదానంగారు కంగారులో మగ్గును కుళాయి కిందే వదిలేసి బయటపడ్డారు. నీళ్ల ఆఫీసు కుళాయి గనక అది ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

మేనేజరు మగ్గు పట్టుకుని పరుగున వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మన కుళాయిలోనే నీలం నీళ్లు వస్తున్నాయి. ఊళ్లో జనం ఇవే తాగుతున్నారు. ముందు ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయమనండి."

"సార్, అది..."

"మాట్లాడే టైము కాదు. వచ్చిన ప్రతి ఫోనూ రాసుకోండి."

నిదానంగారు పెన్ను తీశారు. అందులో చుక్క లేదు. లేదని గదిలో అందరికీ కనిపిస్తోంది.

"మధ్యాహ్నానికే అంతా రాసేశారా. ఎవరైనా ఆయనకి ఇంకో పెన్ను ఇవ్వండయ్యా," అన్నారు మేనేజరు గౌరవంగా. నిదానంగారు తేలు కుట్టిన దొంగలా ఆ పెన్ను అందుకున్నారు.

ఊరంతా ఎండిపోయింది. ఫోను మోగడం మొదలుపెట్టింది.

"ఒళ్లంతా సబ్బు రాసుకుని నిలబడ్డానయ్యా. కళ్లు మండిపోతున్నాయి," అన్నాడొకాయన.

"ముందు తువ్వాలుతో కళ్లు తుడుచుకోండి బాబూ. వంటింట్లో బిందెలో తాగేనీళ్లు ఉంటాయేమో అడగండి."

"మా ఆవిడ ఇవ్వనంటోంది."

"ఆవిడకి ఫోనివ్వండి."

నిదానంగారు ఆవిడతో ఏం మాట్లాడారో గాని చెంబుడు నీళ్లు గుమ్మరించిన చప్పుడు ఫోనులోంచి వినబడింది. తరవాత ఫోను సొంత ఇంటి నుంచే.

"ఏవండీ, కుళాయి రావడం లేదు. మీ ఆఫీసులో ఎవడో బుద్ధిలేనివాడు చేసిన పనై ఉంటుంది."

"ఔను, ఉన్నాడు," అన్నారు నిదానంగారు.

ఇంతలో ఇంజనీరు వచ్చాడు. మగ్గులో వేలు ముంచి, వాసన చూసి, కాగితం మీద గీత గీశాడు. "ఇది ఇంకు సార్. ఎవరో పోశారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నిదానంగారి చెయ్యి జేబు మీదికి పోయింది. అందరి కళ్లూ దాని వెంటే పోయాయి.

"నేనే పోశాను సార్," అన్నారాయన. సిగ్గుతో తల ఎత్తలేకపోయారు. "నాకు రాసే పని లేదు. రాయనట్టు కనబడితే ఆ గది రాదేమోనని భయమేసింది."

మేనేజరు నోరు తెరిచేలోగా ఫోను మోగింది. నిదానంగారు అలవాటు కొద్దీ ఎత్తేశారు. ఆ తరవాత ఇంకోటి, ఇంకోటి. వాల్వు తెరవమని పురమాయించిన మేనేజరు, ఊరు చల్లబడేదాకా పక్కనే నిలబడి వింటూ ఉండిపోయారు.

శుక్రవారం పొద్దున్న ఆయన నిదానంగారిని లోపలికి పిలిచి కూర్చోమన్నారు.

"నిన్న ఊరు ఊరంతా నీళ్లు లేవు. అయినా ఒక్కడు కూడా ఆఫీసు మీదికి రాలేదు, ఒక్క ఫోను కూడా నాదాకా రాలేదు. నేను మీ పెన్ను చూశాను గాని మీ నోరు చూడలేదు. తప్పు నాదే."

నిదానంగారి గుండె దూదిపింజ అయింది. ఆయన మనసులో తలుపు నెమ్మదిగా మూసుకుంటోంది.

"ఇలాంటి మనిషిని తీసుకెళ్లి ఫోను లేని గదిలో కూర్చోబెడితే నాకన్నా తెలివితక్కువవాడు ఉండడు," అన్నారు మేనేజరు.

గది టైపిస్టుకు వచ్చింది. నిదానంగారికి రెండో ఫోను వచ్చింది.