పెళ్లికూతురి పేరు రావికమతం

“అనకాపల్లి నేరస్తులారా, మూటా ముల్లె సర్దుకోండి! వరదానం రిటైరయ్యేడు. ఇయ్యాల్టి నుంచి ఫుల్‌టైం డిటెక్టివ్!”

గుమ్మంలో నిలబడి ఆయన ఇలా గర్జించేసరికి ఆరోగ్యమేరి మ్యారేజ్ బ్యూరోలో నేరస్తులెవరూ లేరు. కంప్యూటర్ ముందు షెకీనా ఒక్కతే కూర్చుని, తన ఉద్యోగం సాయంత్రం దాకా ఉంటుందా, మధ్యాహ్నమే ఊడుతుందా అని ఆలోచిస్తోంది.

వరదానం బ్యూరో యజమానురాలు ఆరోగ్యమేరికి స్వయానా తమ్ముడు. పార్సిల్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ పోయిన పార్సిల్ ఒక్కటైనా కనిపెట్టిన పాపాన పోలేదు. అంతటి అనుభవం వృథా కాకూడదని ఆవిడే కబురు పెట్టింది.

కేసు ఇది. రావికమతం అమ్మాయి రోజలిన్ వివరాల కార్డు అరుణ్ కుమార్ ఇంటికి వెళ్లింది. అందులో ‘ఊరు: రావికమతం. పేరు: రావికమతం’ అని ఉంది. అరుణ్ తల్లి వెంటనే ఫోన్ చేసింది. “మావోడికి పిల్లని సూడమన్నాం గానీ మండలం మొత్తాన్ని కాదమ్మా!” సాయంత్రంలోగా సరైన కార్డు రాకపోతే వేరే బ్యూరో చూసుకుంటామంది. అలా అయితే షెకీనా కూడా వేరే బ్యూరో చూసుకోవచ్చని ఆరోగ్యమేరి సెలవిచ్చింది.

“నేను సరిగ్గానే కొట్టేనండి. తెర మీద రోజలిన్ అనే ఉంది. ప్రింట్‌లోనే ఊరి పేరు వత్తంది. కొండకర్ల అమ్మాయి కొండకర్ల అయిపోయింది, రాజయ్యపేట అమ్మాయి రాజయ్యపేట అయిపోయింది” అంది షెకీనా.

వరదానం కళ్లు మూసుకున్నాడు. మేధస్సు పనిచేసేటప్పుడు ఆయనకు చూపు అక్కర్లేదు.

“రాజయ్యపేట... సముద్రం. కొండకర్ల... ఆవ సెరువు. రావికమతం... పొలాలు. నీళ్లు, నీళ్లు, పొలాలు! అర్థమైందేటి?”

“లేదండి.”

“నాకూ కాలేదు. అదే ఈ కేసులో భయంకరమైన సంగతి! ఇది ముఠా పని.”

వేలిముద్రల కోసం కీబోర్డు మీద పౌడరు డబ్బా సగం కుమ్మరించాడు. ముద్రలు దొరకలేదు గానీ షెకీనాకి తుమ్ములు దొరికాయి.

ఇంతలో ఆరోగ్యమేరి, ఆవిడ వెనకే రూఫస్ వచ్చారు. కార్డులు ప్రింట్ చేసే ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం రాసింది అతనే. కార్డులో అడుగున ఉండే ఊరిని మేడమ్ కోరిక మీద పేరుకన్నా పైకి మార్చిందీ అతనే. వస్తూనే తీర్పు చెప్పేశాడు. “నా ప్రోగ్రాం బంగారం మేడమ్. ఆపరేటర్ మిస్టేకే.”

బంగారానికి గీటురాయి ఎక్కడ దొరుకుతుందో షెకీనాకు తెలియలేదు. రోజలిన్ కార్డే మళ్లీ ప్రింట్ కొట్టింది.

“దొంగని దారిలో ఉండగానే పట్టీయాలి!” అంటూ వరదానం భూతద్దం పట్టుకుని ప్రింటర్ మీదకి దూకాడు. కాలు తీగకి తగిలింది. మోచెయ్యి వెళ్లి కీబోర్డు మూల, ప్రోగ్రాంని మధ్యలో ఆపే మీట మీద పడింది. ‘ఊరు: రావికమతం’ దగ్గర ప్రింటర్ ఆగిపోయింది. రద్దు చెయ్యాలా, సస్పెండ్ చెయ్యాలా, పట్టించుకోవద్దా అని తెర అడిగింది.

“సస్పెండ్! సూసేవా అక్కా? ఈ పిల్లని సస్పెండ్ సెయ్యమని కంప్యూటరే సెప్తంది!” అని వరదానం తనే నొక్కేశాడు.

షెకీనా సస్పెండ్ కాలేదు. ప్రోగ్రాం ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. రూఫస్ విసుక్కుంటూ, తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే విండో తీశాడు. కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ చూశాడు.

“ఏటైంది?” అంది ఆరోగ్యమేరి.

“అమ్మాయిల ఫైల్ తెరిచుండాలి మేడమ్. లేదు. ఊళ్ల ఫైల్ ఒక్కటే ఉంది.” గొంతు సవరించుకున్నాడు. “కోడ్ ఇస్తే ఊరి పేరు తెచ్చే ఫంక్షన్ ఒకటి రాసేను. అది అమ్మాయిల ఫైల్ ఉన్న చోటే ఊళ్ల ఫైల్ తెరిచేసింది. ఒక చోట ఒక ఫైలే ఉంటాది. అమ్మాయిలది మూసుకుపోయింది. తర్వాత పేరు అడిగితే, తెరిచున్న ఊళ్ల ఫైల్లోంచి ఊరి పేరే ఇచ్చింది. ఊరు అడుగున ఉన్నప్పుడు, అప్పటికే అమ్మాయి పేరు పడిపోయేది కాబట్టి తెలీలేదు.”

“అంటే తప్పు నాది కాదు” అంది షెకీనా.

“కాదు.”

“కొంచెం గట్టిగా చెప్పండి. మేడమ్ గారికి వినిపించాలి.”

“కాదు!”

రూఫస్ తలొంచుకుని ఫంక్షన్‌కి మర్యాద నేర్పాడు. వచ్చేటప్పుడు ఏ ఫైల్ దగ్గర పని నడుస్తోందో గుర్తుపెట్టుకోవాలి. తన ఫైల్‌ని ఖాళీ చోట తెరుచుకోవాలి. పనయ్యాక దాన్ని మూసి, మొదటి ఫైల్ దగ్గరికే తిరిగి రావాలి. ఈసారి కార్డు మీద ‘ఊరు: రావికమతం. పేరు: రోజలిన్’ అని పడింది. ఆరోగ్యమేరి ఫోన్‌లో చదివి వినిపించింది. సాయంత్రమే పిల్లని చూస్తామంది అరుణ్ తల్లి.

“నా తమ్ముడు ఆ సస్పెండ్ నొక్కకపోతే ఏటయిపోదుము!” అని ఆరోగ్యమేరి మురిసిపోయింది. షెకీనాకి క్షమాపణ బదులు, కీబోర్డు మీది పౌడరు తుడవమని గుడ్డముక్క ఇచ్చింది.

“ఇంతకీ నేరస్తుడు ఎక్కడున్నాడు?” అన్నాడు వరదానం.

“ఫంక్షన్‌లోనండి” అన్నాడు రూఫస్, మొహం దాచుకుంటూ.

“ముందే సెప్పొద్దేటి!” అంటూ వరదానం చెప్పులేసుకుని మాయమయ్యాడు.

మిగతా కార్డులన్నీ ప్రింట్ అవుతుండగా ఫోన్ మోగింది. షెకీనా ఎత్తింది. అవతల గిన్నెల చప్పుడు, మేళం, మధ్యలో ఏదో నములుతున్న గొంతు.

“షెకీనా, ఫంక్షన్ హాల్ నుంచి మాటాడతన్నాను. నేరస్తుడు గట్టోడు, ఇంకా దొరకలేదు. అక్కతో సెప్పు, రెండో బంతి కూడా సోదా సేసి వత్తాను.”