మా ఇంటి డెలిగేట్

మనిషి మనిషితో నేరుగా మాట్లాడడం మానేయాలి. దానంత అనాగరికమైన పని మరొకటి లేదు!

ఇది నా మాట కాదు, సైన్సు మాట. మా అమ్మాయి అలేఖ్య బీరంగూడలో మా ఇంట్లోనే కూర్చుని మొబైల్ యాప్‌లు రాస్తుంది. ఇప్పుడు రాస్తున్నది ఫ్యాక్టరీ షిఫ్టు బస్సుల యాప్. రెండో స్క్రీన్‌లో మన స్టాపు ఇస్నాపూర్ అని నొక్కితే, ఆ కబురు మొదటి స్క్రీన్‌కు చేరాలి. కానీ రెండోది మొదటిదాన్ని ముట్టుకోదు. అవతల ఎవరున్నారో కూడా దానికి పట్టదు. డెలిగేట్, అంటే కబురు మోసే మధ్యవర్తి, ఎవరో వాళ్లకు చెప్పేసి చేతులు దులుపుకుంటుంది. ఎంత మర్యాద!

డెలిగేట్‌ను పెట్టడం మరిచిపోతే? ఏమీ కాదు. ఎర్రర్ రాదు, యాప్ ఆగదు. కబురు గాలిలో కలిసిపోతుంది, అంతే.

మా ఇంట్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మా ఆయన కిష్టప్ప గారు హాల్లో, అలేఖ్య గదిలో. మధ్య ఎనిమిది అడుగులు.

"నీ బిడ్డకు చెప్పు, ఏసీ జెర తక్కువ పెట్టుకోమని."

"డాడీకి చెప్పమ్మా, నాకు మీటింగున్నది, టీవీ సౌండ్ తగ్గించమను."

ఇద్దరికీ డెలిగేట్‌ను నేనే. బీఎస్సీ మ్యాథ్స్ చదివినందుకు ఇంతకన్నా ఏం కావాలి?

మొన్న గురువారం నాకూ ఒక కబురు పుట్టింది. పక్క వీధి స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం దొరికింది, సోమవారం చేరాలి. పద్ధతి తప్పకూడదు కదా, అలేఖ్యతో "డాడీకి చెప్పు" అన్నాను. "చెప్త" అంది.

ఆదివారం సాయంత్రం ఆయన అన్నారు: "రేపు నాకు సెకండ్ షిఫ్ట్, మధ్యాహ్నం దాకా ఇంట్లనే ఉంట. పగటికి మా అక్కోళ్లు ఎనిమిది మంది వస్తున్నరు. ఇంట్లనే తింటరు."

అలేఖ్య వైపు చూశాను.

"నువ్వే చెప్పినవనుకున్న అమ్మా. గీ ఇంట్ల ఎప్పుడైనా చెప్పేది నువ్వే గద."

ఎర్రర్ రాలేదు.

నేను పద్ధతిని తప్పుపట్టను. ఈ ఉదయం ఆయనతో "వంట సంగతి మీ బిడ్డకు చెప్పుండ్రి" అన్నాను. బిడ్డతో "వంట సంగతి మీ డాడీకి చెప్పు" అన్నాను. ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూనే తలూపారు. బ్యాగు తగిలించుకుని ఎక్కడికి పోతున్నానో ఎవరూ అడగలేదు.

ఇది స్కూలు స్టాఫ్ రూంలో కూర్చుని రాస్తున్నాను. పన్నెండున్నర అయింది. ఆడబిడ్డ వాళ్లు ఈపాటికి వచ్చేసి ఉంటారు. ఇంటి నుంచి ఒక్క ఫోనూ లేదు.

యాప్ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే!