సున్నా మంజూరు

సున్నాను ఎవరైనా కనిపెట్టవచ్చు. దాన్ని మంజూరు చేయడానికి మాత్రం ఒక కార్యాలయం ఉండి తీరాలి. మన అదృష్టం కొద్దీ ఉంది. పేరు సూక్ష్మ వాయుప్రవాహ పరికరాల ఆమోద విభాగం. (స్థూల ప్రవాహాలవాళ్లది పై అంతస్తు. వీళ్లకూ వాళ్లకూ మాటల్లేవు.)

ఒక ఇంజనీరమ్మ నానా తంటాలు పడి, చీమ ఊపిరి వదిలినా పట్టేసే గ్యాస్ మీటరు తయారుచేసి తెచ్చింది. నిబంధన ప్రకారం ఏ మీటరైనా ముందు ఆ విభాగం గదిలోనే సున్నా చూపాలి. అక్కడున్న టీ స్టవ్వు గొట్టానికి మీటరు బిగించి, స్టవ్వు కట్టేసి చూస్తారు. ఇంతకుముందు వచ్చిన మొద్దు మీటర్లన్నీ బుద్ధిగా సున్నా చూపించి ముద్ర వేయించుకుని వెళ్లాయి. ఇది మాత్రం చూపలేదు.

"సార్, స్టవ్వు దగ్గర గ్యాస్ లీకవుతోంది," అంది ఇంజనీరమ్మ.

స్టవ్వు పక్క సీటు టైపిస్టుది. ఆవిడ తల పట్టుకుని లేచింది. "నేను మొత్తుకుంటూనే ఉన్నాను కదండీ! వాసనొస్తోంది, తల పగిలిపోతోంది, బాగుచేయించండి, లేకపోతే నా సీటైనా మార్చండి అని!"

ఆమోదాధికారి చల్లగా నవ్వారు. "వాసన కొలత కాదమ్మా. ఈ గదిలో లీకు లేదని ఉత్తర్వు ఉంది."

"మరి మీటరు చూపిస్తోంది కద సార్?" అంది ఇంజనీరమ్మ.

"అందుకే అది తప్పు మీటరు. వెనకాల సున్నా సరిచేసే స్క్రూ ఉంటుంది చూడు, కాస్త తిప్పు. సంతకం ఇప్పుడే పెట్టేస్తా. లేదంటే మళ్లీ వచ్చే ఏడాదే."

క్యూలో వెనక నిలబడ్డ నాకు ఒళ్లు మండింది. (గ్యాస్ లీకయ్యే గదిలో మంట మంచిది కాదు కనుక పైకి రానివ్వలేదు.) ఇంజనీరమ్మ టైపిస్టు వంక చూసింది, అధికారి చేతిలో మూత తీసి ఉన్న పెన్ను వంక చూసింది. సంతకం లేకపోతే ఆమె వర్క్‌షాపు మూతపడుతుంది. స్క్రూ తిప్పింది. సున్నా వచ్చింది. గదిలో చప్పట్లు కొట్టారు.

ముద్ర పడ్డ ఆ మీటరును గౌరవంగా ఆ గొట్టానికే శాశ్వతంగా బిగించారు. టైపిస్టు మళ్లీ వెళ్లి సీటు మార్చమని అడిగింది.

"ఇన్నాళ్లూ అంటే ఉత్తర్వు ఒక్కటే ఆధారం, మీరు అడిగినా అర్థముంది," అన్నారు అధికారి ఓపికగా. "ఇప్పుడు చీమ ఊపిరిని పట్టే మీటరే లీకు లేదంటోంది కదమ్మా. ఇంకా తలనొప్పి ఏమిటి?"