టేపుకొసాన్వేషణ విజయము

ముత్తంగి చౌరస్తాలో లారీలు శంఖాలు పూరించగా, పాశమైలారం పొగగొట్టాలు ధూపం వేయగా, షిఫ్టు సైరను భేరీనాదమై దిక్కులను పిక్కటిల్లజేయగా, ఒకానొక ఆషాఢ మంగళవారం ఉదయం పదిన్నర గంటల శుభముహూర్తాన, సబ్బుల ఫ్యాక్టరీ ప్యాకింగు హాలులో సంభవించిన మహాసంగ్రామాన్ని చెబుతాను, చెవులొగ్గి వినండి. చాయ్ చల్లారితే మాత్రం నా పూచీ లేదు.

ఆ రణరంగ నాయిక యామిని. అమీన్‌పూర్ అపార్ట్‌మెంటు పంచమాంతస్తు నివాసిని. కార్మికులకు పని నేర్పే పాఠాలను కంప్యూటరులో కూర్చే విద్యలో ఆరితేరినది. అట్టపెట్టెకు టేపు వేయడమనే ఒక్క విషయం మీద నలభై రెండు స్లైడులను, పద్దెనిమిది ప్రశ్నలను, చప్పట్లు కొట్టే ఒక బొమ్మను మూడు నెలల ఘోరతపస్సుతో సృష్టించిన స్లైడుసామ్రాజ్ఞి. ఆ తపోగ్నిలో నిద్ర పోయింది, ఆకలి పోయింది, చేతి గోళ్లన్నీ కొరుకుడుకు ఆహుతైపోయాయి. ఎడమచేతి చిటికెనవేలి గోరు ఒక్కటి, ఎందుకో మరి, బతికి బట్టకట్టింది.

పాఠం పనికొస్తే ఆమె ఉద్యోగం పర్మనెంటు, లేకుంటే నెలాఖరుకు ఇంటికి. ఆ తీర్పరి ఫ్యాక్టరీ మేనేజరు శివరామకృష్ణ. ముప్పైమంది ప్యాకింగు వీరనారీమణులు చుట్టూ నిలిచి చూస్తుండగా ఆయన చల్లగా అన్నాడు.

“పాఠం రాసింది మీరే కదమ్మా. మీరే ఒక పెట్టెకు టేపు వేసి చూపించండి.”

యామిని టేపుచుట్టను అందుకొన్నది. గోధుమవర్ణశోభితము, నున్ననిది, గుండ్రనిది, ఆద్యంతరహితమైనది ఆ చుట్ట! ‘టేపు కొసను పట్టుకొనుము’ అన్నది మొదటి స్లైడు. ఆ కొస ఎక్కడుంటుందో నలభై రెండింటిలో ఒక్కటైనా చెప్పలేదు. ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది, ట్యూబులైటుకు ఎత్తిపట్టింది, ఉఫ్ఫని ఊదింది. పూర్వం బ్రహ్మవిష్ణువులంతటివారే ఒక జ్యోతిస్తంభం కొసలు వెతకబోయి అలసిపోయారు, పాపం ఈ పిల్ల ఎంత? మేనేజరు గడియారం చూసుకున్నాడు. మూడు నెలల కష్టం మూడంగుళాల టేపు ముందు ఓడిపోతోందని ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు కదిలింది పుష్ప, ఇంద్రేశం నుంచి పదకొండేళ్లుగా షేర్ ఆటోలో వచ్చిపోతున్న టేపువిద్యాపారంగత. కొత్తగా చేరిన ప్రతివారూ చాయ్ టైములో ఆమె పక్కన కూచునే ఈ పని నేర్చుకున్నారు. యామిని చుట్టను ఆమె చేతిలో పెట్టబోయింది. పుష్ప తీసుకోలేదు.

“నేను తీసిస్తే నీకెట్ల వస్తది మేడం? కండ్లతోని దేవులాడితె దొరకది. కండ్లు మూస్కో. గోరు ఆనిచ్చి చుట్టను మెల్లగ తిప్పు. ఏడ అడ్డం తగుల్తదో ఆడనే కొస.”

గోరు! యామిని తన పది వేళ్లనూ చూసుకొని, మిగిలిన ఆ ఏకైక వీరుని మనసులోనే ఇట్లు సంబోధించినది: ‘ఓ కనిష్ఠికానఖమా! నీ సోదరులు తొమ్మండుగురును ప్రశ్నలు రాయు యజ్ఞమున సమిధలైరి. వంశమునకు నీవొక్కడవే మిగిలితివి. ఈ చక్రవ్యూహమును ఛేదింపుము. లేనిచో నీవును నా పంటి కిందికే వత్తువు సుమా!’

కన్నులు మూసుకొన్నది. చుట్ట తిరిగింది. ఒక ప్రదక్షిణం, ఏమీ లేదు. రెండవ ప్రదక్షిణం సగంలో, టిక్కుమని, గోరు ఆగింది.

ర్ర్ర్‌మని టేపు లేచింది! పెట్టె నడుమ కొంచెం వంకరగానే అయినా గట్టిగా అతుక్కున్నది. ముప్పై జతల చేతులు చప్పట్లు కొట్టాయి, స్లైడులోని బొమ్మకంటే ఎంతో బాగా కొట్టాయి. పుష్ప మాత్రం చుట్ట అందుకొని కొసను చిన్నగా మడిచింది.

“ఎనుకొచ్చేటోళ్లు పరేషాన్ గావద్దు గదా.”

ఇది ఏ స్లైడులో ఉందని మేనేజరు అడిగాడు. యామినికి అబద్ధం నోట రాలేదు.

“స్లైడులో లేదు సార్. చాయ్ టైములో పుష్పక్క దగ్గర ఉంది.”

ఆయన వంకర టేపును లాగి చూశాడు. అది ఊడలేదు. అయితే పాఠంలో మొదట ఆ చాయ్ టైమే పెట్టండని చెప్పి, పర్మనెంటు కాగితం అడిగి తెప్పించి సంతకం చేశాడు.

ఇట్లు అఖండ టేపుమండలమున మూడంగుళాల కొసను సాధించిన ఆ వీరనఖమునకు, ఆనాటి సాయంకాలము అమీన్‌పూర్ పంచమాంతస్తున, ఎర్రని నెయిల్‌పాలిష్‌తో పట్టాభిషేకము జరిగెను.